ధన్‌సింగ్ తండాకు చూపించిన ఫైనల్

మరిపెడ బస్టాండు ఎదురుగా ఎల్లక్క చాయ్ కొట్టు. ఆ పొద్దున బెంచీ మీద ఇద్దరున్నారు. ఒకడు ఆటో నడిపే భిక్షం. రెండోవాడు భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే యోహాను, చెల్లెను చూడవచ్చి తిరుగు బస్సు కోసం కూర్చున్నాడు. మాటల్లో మాటగా యోహానే అన్నాడు, "మొన్నటి ఆడపిల్లల కబడ్డీ ఫైనల్ టీవీల రానే లేదు గదా. ఫోన్ల పైసలు కట్టినోళ్లకే వచ్చిందంట."

గోడకు ఆనుకుని చాయ్ తాగుతున్న ధన్‌సింగుకు ఆ ముక్క చాలు. చుట్టుపక్కల తండాలన్నిటికీ శానేండ్లు కేబుల్ వైర్లు గుంజిన మనిషి. గ్లాసు బల్ల మీద పెట్టి, రోడ్డుకు వీపు పెట్టి, వాళ్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రాలేదని ఎవలన్నరు తమ్మి. నేను సూపించిన గదా మా తండా మొత్తానికి. మా బలరాం బిడ్డ గీత ఎరుకనా నీకు, గా ఫైనల్ల ఆడింది ఆ పిల్లనే. వాళ్ల నాయనమ్మ రుక్కి ఉన్నది, ఆ ముసలామె మనుమరాలి ఆట ఎన్నడు సూడలే. ఆడపిల్ల లాగు తొడుక్కొని ఉరుకుడేంది అని కోపం ఆమెకు. సివరికి, సరే, టీవీల వస్తె సూస్త అన్నది. ఇగ పొద్దున్నే తానం జేసి టీవీ ముంగట కూసున్నది. పోయినేడు దాక గా ఆటలన్ని టీవీల వచ్చినయి గదా, ఈ ఏడు కూడ వస్తయనుకున్నం. బటన్లన్ని ఒత్తి సూసినం. ఒక దాంట్ల వంట, ఒక దాంట్ల భక్తి. కబడ్డీ లేదు. యాప్‌లనే సూడాలె, చందా కట్టాలె అని కింద రాసి వస్తున్నది. ముసలామె నా దిక్కు తిరిగి, వైరు నువ్వే సక్కగ ఏయలే ధన్‌సింగ్, అన్నది. నా పనిని అన్నది తమ్మి. నాకెట్లుంటది చెప్పు."

"ఇప్పుడు నీ కేబుల్ ఎవరింట్ల ఉన్నదన్న, అందరు ఫోన్లల్లనే సూస్తిరి" అన్నాడు భిక్షం.

"అందుకే గదా, ఆ రోజు తండాల ఉన్న ఫోన్లన్ని నా కాళ్ల కాడికే వచ్చినయి. ఎవల ఫోన్ల సిగ్నల్ లేదు. చందా నేనే కట్టిన. కట్టి, బలరాం ఇంటి డాబా ఎక్కిన. ఆడ ఒక గీత సిగ్నల్ వచ్చింది. బొమ్మ గుండ్రంగ తిరుగుతున్నది, తిరుగుతున్నది, ముంగటికి పోతలేదు. వేరేటోడైతే దిగి వచ్చేటోడు. నేను ఇంటికి పోయి, కేబుల్ నడిపిన నాటి నా పెద్ద డిష్ ఉన్నది సూడు, కోళ్లు పండుకుంటయి దాంట్ల, దాన్ని కడిగి, మోసుకొచ్చి, నడిమిట్ల ఫోన్ కట్టిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? సిగ్నల్ గీతలు నాలుగు నిండినయి. ఐదోది మొలిచింది. ఆరోది మొలిచింది. అద్దంల జాగ లేక పక్కపొంటి ఫోన్ అట్ట మీదికి ఎక్కినయి."

ఎల్లక్క చాయ్ వడపోస్తూ నవ్వింది. "అట్ట మీద గీతలు మొలుస్తయా అన్న?"

"నా డిష్ గుంజుడు అట్లుంటది ఎల్లక్క. అది గుంజుతుంటె బయ్యారం గుట్టల ఇనుపరాయి ఉన్నది గదా, అది జరంత మా దిక్కు జరిగింది. గుట్ట ఒంగిందని ఆడి రైతులు బయటికి వచ్చి సూసిండ్రంట. సరే, సిగ్నల్ వచ్చింది, బొమ్మ శిన్నగున్నది, తండా మొత్తానికి ఎట్ల కనవడాలె? రుక్కి పెట్టెల నుంచి తెల్ల దుప్పటి తీసి గోడకు కట్టించిన. బొమ్మ ఫోన్ల నుంచి దుంకి దుప్పటి మీద పడ్డది. పడి పెరుగుతున్నది. దుప్పటి దాటింది, గోడ దాటింది, ఇంకో ఇంటి గోడ కూడ కావాలన్నది. ఎంత సాఫ్ ఉన్నదంటె, స్టేడియంల ఏసీ గాలి మా మీదికి వచ్చింది. ఆడోళ్లు కొంగులు కప్పుకున్నరు. ఎండకాలంల మావోళ్లు దగ్గుడు మొదలుపెట్టిండ్రు."

యోహాను బస్సు వచ్చి పోయింది. అతను లేవలేదు. "ఫోన్ల ఆట జర ఆలస్యంగ వస్తది గదా అన్న? మా క్వార్టర్లల్ల పక్కింటోడు ముందే అరుస్తడు, మాకు తర్వాత కనవడ్తది."

"శభాష్, అసలు ముచ్చట అడిగినవ్. అందరికి ఆలస్యంగ వస్తది. మాకు ముందుగాల వచ్చింది. అవును తమ్మి, ఆడ ఆట కాకముందే ఈడ బొమ్మ వచ్చింది, డిష్ అంత దూకుడుగ గుంజింది మరి. ఆఖరి నిమిషాలు. రెండు జట్లు సమానం. మా గీత కూతకు పోవాలె. ఎడమ దిక్కు పోయింది, మూలకున్న పిల్ల కాలు దొరకబట్టింది, అందరు మీద పడ్డరు, ఆట పోయింది. మాకు కనవడ్డది. ఆడనేమొ గీత ఇంక గీతనే దాటలే. ముసలామె మొకం జూసిన, రెండు చేతులు నెత్తి మీద పెట్టుకున్నది. నేను ఆగుతనా? డిష్ కాడ నోరు పెట్టి ఒక్క కేక ఏసిన. బిడ్డా ఎడమకు పోకు, కుడికి పో అని. తెలుగుల కాదు, మా తండా భాషల, పక్క జట్టోళ్లకు తెల్వకుంట. ఆ కేక ఫోన్ల వడి, సిగ్నల్ వెంబడి ఉల్టా పోయి, స్టేడియం మైకుల మోగింది. గీత ఆగింది. కుడికి మళ్లింది. ఒక్కసారే ముగ్గురిని ముట్టుకొని వచ్చింది."

"రిఫరీ ఏమనలేదా?" అన్నాడు భిక్షం.

"అన్నడు. ఈల ఊది మీదికి సూసిండు. దేవుడు మాట్లాడిండనుకొని దండం పెట్టి, పాయింట్లు రాసిచ్చిండు."

ఈ మాట నడుస్తుండగానే మానుకోట బస్సు కోసం సంచీ పట్టుకుని సుజాత వచ్చింది. గీత కన్నతల్లి. ఎల్లక్క ఏదో అనబోతే వద్దని చేయి చూపించి, ధన్‌సింగ్ వెనకాల స్టూలు మీద కూర్చుంది. అతను చూడలేదు.

"అయిపోయిందనుకున్నరా? ఇంకోటి ఉన్నది. నా డిష్ దేశంల సిగ్నల్ మొత్తం గుంజేసరికి, అటు ఢిల్లీల, ఇటు బొంబాయిల, కోట్ల మంది ఫోన్లల్ల గుండ్రంగ తిరుగుడు మొదలైంది. ఆ యాప్ పెద్దసారు హెలికాప్టర్ల వచ్చిండు. మా మిర్చి కల్లంలనే దిగిండు. రెక్కల గాలికి కల్లంల మిర్చి లేచి మరిపెడ మీద పడ్డది, ఆ రోజు ఊరు ఊరంత తుమ్మింది."

"నేను తుమ్మలేదే" అంది ఎల్లక్క.

"నీ కొట్టు పొయ్యి పొగకు మిర్చి భయపడ్డది. ఆ సారు తుమ్ముకుంట, కండ్లు తుడుసుకుంట డాబా ఎక్కి, ధన్‌సింగన్న, బొంబాయి పరేషాన్ల ఉన్నది, జర సిగ్నల్ ఇయ్యి అన్నడు. నేనన్న, మీ ఆటలు టీవీల నుంచి గుంజుకపోయినప్పుడు మమ్ముల అడిగిండ్రా అని. తల దించుకున్నడు. పోనీ పాపమని డిష్ జర పక్కకు తిప్పి, బొంబాయికి ఒక పావు ఇచ్చిన."

భిక్షం కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. యోహాను మెల్లగా ధన్‌సింగ్ వెనక్కి చూశాడు. అక్కడి నుంచి సుజాత అడిగింది.

"అన్న, మా గీత కుడికి పోయి ముగ్గురిని ముట్టుకున్నదా?"

ధన్‌సింగ్ తిరిగి చూశాడు. కొంచెం తడబడ్డా గొంతు తగ్గించలేదు. "ముట్టుకున్నది గదా చెల్లె. నువ్వు సూసినవు, నేను సూసిన."

"గీత కూతకే పోలే అన్న. కోచ్ ఆమెను ఆట మొత్తం మూలకే నిలబెట్టిండు. వచ్చినోళ్లను పట్టుడే ఆమె పని." సుజాత గొంతులో ఎత్తిపొడుపు లేదు. "నువ్వు సూడలే అన్న. డాబా మీద గా ఒక్క మూలకే సిగ్నల్ వచ్చె. ఫోన్ మా దిక్కు తిప్పి, నెత్తి మీదికి ఎత్తి పట్టుకొని నిలబడ్డవు. చెయ్యి దించితె బొమ్మ ఆగుతుండె. మేమందరం ఆట సూసినం, నువ్వు మా మొకాలు సూసినవు."

ధన్‌సింగ్ కుడి భుజం తడుముకున్నాడు.

"ఆట అయినంక నీ చెయ్యి కిందికి రాకపోతే మా ఆయన నూనె పెట్టి తోమలేదా" అంది సుజాత. "మా అత్త ఆ రాత్రి అన్నం తినుకుంట అన్నది, ధన్‌సింగుకు ఒక పిల్ల కోడి ఇయ్యాలె అని. ఇంతవరకు గీత గెలిచిందని అందరం నీకు చెప్పినం గని, ఎట్ల గెలిచిందో ఎవలం చెప్పలే. నువ్వు అడగలే."

"ఎట్ల అడుగుత చెల్లె" అన్నాడు ధన్‌సింగ్. "సూపించిన మనిషినే నేను." బెంచీ మీద యోహాను పక్కన కూర్చున్నాడు. "ఆఖరికి ఎవలు కూతకు వచ్చిండ్రు?"

"పొడుగు పిల్ల. వాళ్ల కెప్టెన్."

"గీత యాడున్నది?"

"ఎడమ మూలకు. జర వెనక్కు."

సుజాత సంచీ కింద పెట్టి లేచింది. కొట్టు ముందరి ఖాళీలో చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపి, మోకాళ్లు వంచి, రెండు చేతులూ ముందుకు చాచి నిలబడింది. "గిట్ల నిలబడ్డది అన్న. ఆ పిల్ల వస్తున్నది, వస్తున్నది, గీత కదుల్తలేదు." ఎల్లక్క పొయ్యి మంట తగ్గించింది. ధన్‌సింగ్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, మొదటిసారి ఆ ఆట చూస్తున్నాడు.