పిండి డబ్బా వెనక సంచి

మధ్యాహ్నం వేళ వంటింటి నేలంతా పిండి. దాని మధ్య, రిటైరైన భర్త ఒక గుడ్డసంచి పట్టుకుని నిలబడ్డాడు. భార్య అప్పుడే బయటినుంచి వచ్చింది.

"ఏమిటిదంతా?"

"ఆ మాట నేనడగాలి. నువ్వు చదివే నవల నేనూ చదివాను. అందులో పెళ్లాం తన రహస్యాలన్నీ పిండి డబ్బాలో దాస్తుంది."

"అందుకని మన డబ్బా బోర్లించారా? అందులో మొగుడు హంతకుడు కూడాను. అదీ మొదలుపెడతారా?"

"వేళాకోళం వద్దు. డబ్బాలో ఏమీ లేదు. దాని వెనక ఈ సంచి దొరికింది. రెండు చీరలు, పాత కళ్లజోడు, బీపీ మాత్రలు. ఎవరితో పోదామని?"

"బీపీ మాత్రలు చూశాక ఎవరొస్తారండీ? ఒక్కదాన్నే."

"ఎప్పుడు సర్దావు?"

"పెళ్లయిన మూడో ఏడు. అప్పట్లో మాత్రలు లేవు. చీరలు మాత్రం పాతబడినప్పుడల్లా మారుస్తూ వచ్చాను. మీరు ఈ వంటింట్లోకి రావడానికి నలభై ఏళ్లూ, ఒక నవలా పట్టాయి."

"మరెందుకు వెళ్లలేదు?"

"చెప్పకుండా వెళ్లడం నాకు చేతకాదు. చెబుదామని వచ్చినప్పుడల్లా మీరు పేపరు అడ్డం పెట్టుకునేవారు."

"ఇప్పుడు పేపరు లేదు. చెప్పు, వెళ్తావా?"

"ముందు ఆ పిండి ఎత్తండి. ఎత్తాక చెబుతాను."

ఆయన చీపురూ చేటా అందుకుని, ఒక మూలనుంచి కొంచెం కొంచెంగా ఎత్తడం మొదలుపెట్టాడు.

"అలా ఎత్తితే రేపటికీ అవదు."

"అవకపోతే పోనీ."