రాయిస్ పిట్‌మన్ కయాక్‌ను మేం దొంగిలించలేదు

నా పేరు లువీనియా క్రూజ్. వయసు యాభై తొమ్మిది. భర్త హార్లన్ క్రూజ్ కాలం చేశాడు. ఫోక్‌స్టన్‌లో ఆడవాళ్లకు జుట్టు కత్తిరించే కొట్టు నడుపుతాను. పుట్టి పెరిగింది ఒకెఫెనోకీ చిత్తడి నేల అంచునే. సార్జెంట్ గారు అడిగిన మీదట, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

రాయిస్ పిట్‌మన్ అనే అతను నా మీద, మా వదిన ఆర్డిస్ మీద ఫిర్యాదు ఇచ్చాడని తెలిసింది. మేం అతన్ని తెడ్డుతో బెదిరించి, అతని కయాక్ పడవ లాక్కుని, మొసళ్ల మధ్య వదిలేసి వచ్చామట. కయాక్ తెచ్చిన మాట నిజం. తక్కినదంతా అబద్ధం.

ఆర్డిస్ నా భర్తకు అక్క. డెబ్బై ఏళ్లు. జాక్సన్‌విల్‌లో ఒక చర్చిలో ఆర్గన్ వాయించేది. ఈ చిత్తడి పక్కనే పుట్టినా నీళ్లంటే భయం. బతికున్నన్నాళ్లూ తమ్ముడు ఆమెను పిరికి కోడిపిల్ల అనే పిలిచాడు. పుట్టినరోజుకు ఏం కావాలి వదినా అని అడిగితే, "మొసలిని దగ్గరగా చూడాలే లువీ. మీరంతా చూశారు, నేనొక్కదాన్నే చూడలేదు" అంది. నా దగ్గర ఇద్దరు కూర్చునే కయాక్ లేదు. అందుకే యాత్రికులను తిప్పే రాయిస్‌తో మాట్లాడాను.

శనివారం ఉదయం ఎనిమిదింటికి రేవు నుంచి బయలుదేరాం. అతను అద్దెకిచ్చిన ఇద్దరి కయాక్‌లో ఆర్డిస్ ముందు, నేను వెనక. రాయిస్ తన ఒంటి కయాక్‌లో దారి చూపుతున్నాడు. అతని కాళ్ల మధ్య మూత పెట్టిన బకెట్ ఉంది. ఏమిటది అని అడిగితే, "మీ భోజనమేలెండి మేడమ్" అని నవ్వాడు.

సన్న కాలువలోకి తిరగగానే దుంగ మీద ఒక మొసలి కనిపించింది. ఆర్డిస్ తెడ్డు వేయడం మానేసింది.

"లువీ, అది నన్నే చూస్తోందే."

"నిన్నేం చేసుకుంటుంది వదినా, ముదురు మాంసం."

ఆమె నవ్వింది. తెడ్డు మళ్లీ నీళ్లలో వేసింది.

కాలువ చివర చిన్న మడుగు, మడుగులో యాత్రికులు ఆగే చెక్క మంచె ఉన్నాయి. అక్కడ రాయిస్ బకెట్ మూత తీశాడు. అందులో ఉన్నవి పచ్చి కోడికాళ్లు. ఒకటి మా కయాక్ పక్కనే విసిరి, "ఫోన్లు తీయండి మేడమ్, ఇప్పుడు చూడండి తమాషా!" అన్నాడు. వద్దని అరిచాను. ఇక్కడ మొసలికి తిండి పెట్టకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు. తిండి మరిగిన మొసలి మనిషిని చూసి తప్పుకోదు, ఎదురొస్తుంది. అతను ఇంకొకటి విసిరాడు.

కలువాకుల కింద నుంచి అవి వచ్చాయి. ఎన్ని అని అడగకండి, నేను లెక్కపెట్టలేదు. వాటిలో ఒకటి రాయిస్ కయాక్‌ను రాసుకుంటూ పోయింది. అతను కంగారుగా ఊగేసరికి బకెట్ బోల్తాపడి, ఉన్న మాంసమంతా మా చుట్టూ తేలింది. అతను రెండు ఊపుల్లో మంచె చేరి, పైకి ఎక్కేశాడు. ఎక్కుతూ కాలితో తన్నడంతో అతని కయాక్ కొట్టుకుపోయింది. పై నుంచి మాకు చెప్పిన మాట, "కదలకండి! ఏం కాదు!"

అప్పుడు అన్నిటికంటే పెద్దది మా కయాక్ ముక్కు మీద గడ్డం ఆనించింది. ముందు భాగం నీళ్లలోకి దిగింది. ఆర్డిస్ మోకాళ్లకూ దాని పళ్లకూ మధ్య జానెడు దూరం. దాని కంటి మీద తెల్లటి పొర ఇటు నుంచి అటు జరగడం వెనక ఉన్న నాక్కూడా కనిపించింది. సార్జెంట్ గారూ, ఇన్నేళ్లుగా చిత్తడిలో తిరుగుతున్నదాన్ని, నా చేతులు కదల్లేదు.

ఆర్డిస్ తెడ్డు వెడల్పు వైపు దాని ముట్టె మీద ఆనించింది. కొట్టలేదు. ఆనించి నొక్కింది. చర్చి పాటలో శ్రుతి తప్పిన పిల్లలను మందలించే గొంతుతో అంది:

"దిగు. చెబుతున్నానా, దిగు!"

అది బుస కొట్టింది. ఆ ఊపిరి వాసన నా దాకా వచ్చింది. ఆమె ఇంకా గట్టిగా నొక్కింది.

"నీతోనే. దిగు!"

దిగింది. మెల్లగా వెనక్కి జారి మునిగింది.

"వదినా" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"తర్వాత ఏడుద్దువుగాని, ముందు తెడ్డు వెయ్" అంది.

మడుగు నుంచి తిరిగి కాలువలోకి దూరే చోట ఇంకొకటి అడ్డంగా పడుకుని ఉంది. ఆర్డిస్ తెడ్డుతో నీళ్ల మీద చప్పున చరిచింది. అది మునిగింది. మేం దాని మీదుగానే వెళ్లాం. దాని వీపు గరగరమంటూ నేను కూర్చున్న చోటు కింద రాసుకోవడం తెలిసింది. దాటాక ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం. ఆర్డిస్ రెండు చేతులతో తెడ్డు పైకెత్తి, "ఒరేయ్ హార్లన్, చూశావా!" అని ఆకాశం వైపు అరిచింది. రాయిస్ బెదిరింపు అంటున్న అరుపు అదే. తెడ్డు ఎత్తింది కూడా అప్పుడే.

అతని కయాక్ కాలువలో అడ్డంగా చిక్కుకుని ఉంటే తాడు కట్టి లాక్కొచ్చాం. మాది ఇద్దరి కయాక్, మూడో మనిషి పట్టడు. "మంచె దిగకు నాయనా, రేవు గార్డును పంపుతాం" అని నేనే కేకవేశాను. రేవు చేరగానే గార్డుకు చెప్పాం. ఆయన మోటారు పడవలో వెళ్లి అతన్ని, నీళ్లలో తేలుతున్న ఖాళీ బకెట్‌ను తెచ్చాడు. కోడికాళ్ల సంగతి బయటపడిన తర్వాతే రాయిస్‌కు మా మీద ఫిర్యాదు ఇవ్వాలని తోచింది.

రేవులో గార్డు ఆర్డిస్‌ను, "అమ్మా, అంబులెన్స్ పిలవమంటారా?" అని అడిగాడు.

"నాకెందుకు? అదిగో, ఆయన్ని అడుగు. ఇంకా వణుకుతున్నాడు" అంది. రేవంతా నవ్వింది. అతనికి మండింది అక్కడేనని నా అభిప్రాయం.

ఆర్డిస్ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. తన వాంగ్మూలం తానే ఇస్తానంటోంది. ఈ లోపల స్టేషన్‌కు వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. తలుపు తీసినప్పుడల్లా నాకు వినిపిస్తోంది. ఆమె చెప్పే మొసలి నేను చూసినదానికంటే బాగా పొడుగుంది. ఆ ఒక్క కొలత దగ్గర మాత్రం మా ఇద్దరి మాటా కలవకపోవచ్చు. మీకు అభ్యంతరం లేకపోతే ఆమెదే రాసుకోండి.

పైనున్నది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినది చెప్పినట్టే ఉంది. కళ్లారా చూసినదే చెప్పానని ఒప్పుకుంటూ నా చేత్తో సంతకం పెడుతున్నాను.

(సం.) లువీనియా క్రూజ్