వదిన వదలని బంతి

ఎందుకే టీవీని అలా తిడుతున్నావు? బంతి వాళ్ళలో వాళ్ళే ఇచ్చుకుంటున్నారు, గోల్ కొట్టరేం అనా? కొట్టరులే. కాళ్ళు ముడుచుకుని కాస్త జరుగు, నేనూ కూర్చుంటాను. ఆ దిండు ఇటివ్వు. అచ్చం నీలాగే తిట్టేది మా వదిన. మీ తాతయ్యకి అక్క, మీ అమ్మకి మేనత్త. నువ్వు చూళ్ళేదు, నువ్వు పుట్టకముందే పోయింది. మా పెళ్ళి ఫోటోలో చేతులు కట్టుకుని, ఫోటో తీసేవాణ్ణి కొట్టేలా చూస్తూ ఉంటుందే, ఆవిడే.

మేమిద్దరం లాండ్రీలో పనిచేసేవాళ్ళం. లాండ్రీ అంటే మన వీధి చివర ఇస్త్రీ కొట్టు లాంటిది కాదు. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు లారీల్లో వచ్చి పడేవి. వదిన తడి దుప్పట్లు పిండే మిషను దగ్గర, నేను మడతల బల్ల దగ్గర. ఆ ఆవిరికి మధ్యాహ్నానికల్లా మేమే ఉడికిపోయేవాళ్ళం. అక్కడ మాకో ఫుట్‌బాల్ జట్టు. నవ్వకు. అప్పట్లో మా ఊళ్ళో ప్రతి ఫ్యాక్టరీకీ ఆడవాళ్ళ జట్టు ఉండేది. మాకు నేర్పేది బాయిలరాయన. బాయిలర్ చూసుకునేవాడు కాబట్టి బాయిలరాయన, అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో. ఆయనది ఒకటే జపం. "బంతి మన దగ్గరుంచుకోండమ్మా. మన దగ్గరున్నంతసేపు వాళ్ళు గోల్ కొట్టలేరు కదా. వాళ్ళని పరిగెత్తనివ్వండి, అలిసిపోనివ్వండి." మా వదిన వింటేగా. "గిన్నెలందించుకోడానికి ఇదేమన్నా వంటగదా" అనేది. కాలికి బంతి తగిలిందంటే ఎక్కడున్నా సరే కొట్టడమే. సగం బంతులు గోడవతల పడేవి, మిగతా సగం గోల్లో పడేవి. ఆ సగానికే ఊళ్ళో ఆవిడకి అంత పేరు.

నేను గోల్‌కీపర్ని. రోజంతా దుప్పట్లు విసిరితే పట్టుకునే చేతులు కదా. ఇంకోటి చెప్పాలి, అప్పుడు వదినకీ నాకూ మాటల్లేవు. మేం వేరుకాపురం పెట్టామని కోపం. వేరంటే ఎంత, పక్క వీధే. అయినా "నా తమ్ముణ్ణి ఎత్తుకుపోయింది" అని అందరితో అనేది. నేను పక్కనే నిలబడి ఉన్నా బొద్దుపిల్లని పిలిచేది. బొద్దుపిల్ల అంటే మడతల బల్ల దగ్గర నాతో పనిచేసే పిల్ల. "ఆ గోల్లో నించున్నావిడకి చెప్పు, నిద్రపోవద్దని." ఆ పిల్ల ఇటు తిరిగి, "అక్కా, నిద్రపోవద్దట." "పోవట్లేదని చెప్పు." ఇదీ మా సంబడం. మీ తాతయ్యా? పాపం, ఆట ఉన్నప్పుడల్లా మంచినీళ్ళ డ్రమ్ము చాటున నిలబడేవాడు, ఎవరికి చప్పట్లు కొడితే ఎవరికి కోపమో అని.

ఏం చెబుతున్నానూ. ఆఁ, సబ్బుల ఫ్యాక్టరీ వాళ్ళతో ఫైనల్. మా పిల్ల ఒకత్తె కాలు మడతపడి బయట కూర్చుంది, బదులు దిగడానికి ఎవరూ లేరు. సగం ఆట అయ్యేసరికి ఎవరికీ గోల్ లేదు. నాకేమో కడుపులో తిప్పేసి, గోడ పక్కకి పోయి వాంతి చేసుకున్నాను. పొద్దుట్నించీ ఎండ వల్ల అనుకుంటున్నా. గోడ పట్టుకుని నిలబడ్డప్పుడు అర్థమైంది, ఎండ కాదని. అంతకుముందు రెండుసార్లు నాకు కడుపు నిలవలేదే. అందరికీ సంబరంగా చెప్పుకోవడం, మళ్ళీ అందరికీ పోయిందని చెప్పుకోవడం. ఆ బాధ పగవాళ్ళకి కూడా వద్దు. అందుకే ఈసారి చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకుండా వెళ్ళిపోతే కీపర్ లేదు, ఎందుకు వెళ్ళిందని మైదానమంతా అడుగుతుంది. ఈలోగా వెనకనించి ఎవరో తడిగుడ్డతో నా మొహం తుడిచారు. తుడవడం కాదులే, రుద్దేశారు. వదిన. నా మొహంలోకి చూసింది, కడుపు మీదున్న నా చెయ్యి చూసింది. బొద్దుపిల్లని పిలిచి, "ఆవిడకి చెప్పు, ఊరికే నిలబడితే చాలని. బంతి అటు రాదు" అంది.

రాలేదే. రెండో సగమంతా ఆ మహాతల్లి బంతి వదిలితే ఒట్టు. తను బొద్దుపిల్లకి ఇస్తుంది, ఆ పిల్ల ఇంకోదానికి ఇస్తుంది, మళ్ళీ తనకే. సబ్బుల పిల్లలు చుట్టూ తిరిగి తిరిగి నడుం పట్టుకుని నిలబడ్డారు. బయట మగాళ్ళు ఒకటే కూతలు. "ఏమ్మా, ఇంటికి పట్టుకుపోతావా ఏం?" ఒకసారి గోల్ ఎదురుగా ఒంటరిగా దొరికింది ఆవిడకి. మా వాళ్ళంతా కొట్టు, కొట్టు అని అరుస్తున్నారు. ఆవిడ గోల్ వంక చూసి, వెనక్కి తిరిగి బొద్దుపిల్లకి ఇచ్చేసింది. కొడితే గోలయ్యేదేమో. కాకపోతే బంతి వాళ్ళదైపోతుంది, వాళ్ళు ఒక్క తన్ను తంతే నా మీదకొస్తుంది. గోల్ కొట్టడం తప్ప ఇంకేదీ ఇష్టంలేని మనిషి, నా కోసం దాన్ని వదులుకుంది. ఆఖర్లో ఒక పొడుగుపిల్ల మాత్రం బంతి లాక్కుని నా మీదకి దూసుకొచ్చింది. నేను కళ్ళు మూసేసుకున్నా. తెరిచేసరికి వదిన నేలమీద పడుంది, మోకాలు చీరుకుపోయింది, బంతి ఆవిడ కాళ్ళ మధ్య ఉంది. బాయిలరాయన కళ్ళు ఒత్తుకుంటున్నాడు. "ఇన్నాళ్ళకి నా మాట వింది తల్లి." పోయేదాకా అలాగే అనుకున్నాడు ఆయన. అనుకోనీలే.

ఆఖరిదాకా ఎవరికీ గోల్ లేదు, బొమ్మా బొరుసూ వేస్తే కప్పు వాళ్ళకి పోయింది. వదినే పోగొట్టిందన్నారు. భయపడి ఆడిందన్నారు, మేనేజరు పిలిచి మరీ చివాట్లు పెట్టాడు. అంత నోరున్న మనిషి, ఎందుకలా ఆడానో ఒక్కళ్ళతో అనలేదే. తమ్ముడితో కూడా. ఈ ఇల్లు, ఈ మనుషులు, నువ్వు, అంతా ఆవిడ పెట్టిన భిక్ష అని నేననుకోని రోజు లేదు.

మీ అమ్మ పుట్టినప్పుడు ఆస్పత్రికి అందరికంటే ముందు వచ్చింది. నర్సు చేతుల్లోంచి పిల్లని తీసుకుంది. మీ తాతయ్య చేతులు చాపాడు, ఇవ్వలేదు. మా అమ్మ చాపింది, ఇవ్వలేదు. నర్సు తల్లికివ్వండమ్మా అని కోప్పడింది. వదిన పిల్లనే చూస్తూ, అన్నాళ్ళ తర్వాత మొదటిసారి నాతో సూటిగా మాట్లాడింది. "ఇంకాసేపు నా దగ్గరుండనివ్వవే," అంది.

...

గేటు చప్పుడైంది, మీ అమ్మలా ఉంది. వెళ్ళి తలుపు తియ్యి.