కంచె అవతలి దేశం

కాలేజీ నుంచొచ్చి భోజనానికి కూర్చున్న లెక్చరరుగారికి వడ్డిస్తూ భార్య అందుకుంది.

"మావారు రష్యాకీ అమెరికాకీ రాజీ కుదురుస్తారు. కంచె అవతలి తమ్ముడితో మాత్రం ఏళ్ల తరబడి మాటల్లేవు."

"మన చెట్టు కాయలు వాడెందుకు దింపించుకున్నాడు?"

"ఇవాళ పాఠమేం చెప్పేరండీ?"

"అంతర్జాతీయ సంబంధాలు మొదలెట్టేను. వాడి కూతురు లేచి, పోట్లాడుకున్న దేశాల్లో ముందెవరు పలకరించాలి మాస్టారూ అంది. పెదనాన్నా అనలేదు."

"మీరేమన్నారు?"

"చిన్నదేశమే దిగిరావాలన్నాను. ఏడుస్తూ వెళ్లిపోయింది."

ఆవిడ చేతిలో గరిట ఆగిపోయింది.

"అయితే ఆ పిల్ల మీకు చెప్పలేదన్నమాట. విన్నాక కూడా అన్నానికి కూర్చున్నారనుకున్నాను. మీరు వెళ్లగానే మరిదిగారికి పక్షవాతమొచ్చింది. మీకు చెప్పమని నేనే పంపేను."

"ఎలా ఉన్నాడు?"

"అమలాపురం ఆసుపత్రిలో ఉన్నారు. మాట పోయిందండి. ఇంక దిగొచ్చినా పలకలేరు."

ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

"తప్పు నాదేనే."