పెట్టెలో పది ఇరవై

నా పేరు కంచుమర్తి వీరబ్రహ్మం. వయసు ముప్పై నాలుగు. రాజమండ్రి దానవాయిపేటలో ఉంటాను. మిల్లులకు, ఆఫీసులకు ఇంటర్‌కమ్ ఫోన్లు బిగించి రిపేర్లు చెయ్యడం నా వృత్తి. 2001 జూలై 2, సోమవారం నాడు మెజిస్ట్రేటు గారి ఎదుట ఈ మాటలు చెబుతున్నాను. నన్ను ఎవరూ పిలిపించలేదు. నేను చెప్పేది నా మీదికే రావచ్చని మెజిస్ట్రేటు గారు ముందే హెచ్చరించారు. తెలిసే చెబుతున్నాను.

మండపేటలో నాగేశ్వరప్రసాద్ గారి రైస్ మిల్లులో ఫోన్లన్నిటినీ కలిపే ఇంటర్‌కమ్ పెట్టె నేనే బిగించాను. దాని ఫోన్లలో ఒకటి మిల్లుకి కిలోమీటరు పైన, కాలవ గట్టు మీద ఉన్న గోడౌన్‌లో ఉంది. ఎక్కడినుంచైనా తొమ్మిది నొక్కితే పగలు ఆఫీసులో మోగుతుంది. సాయంత్రం ఆరింటికి ఆఫీసుకి తాళం వేస్తారు కాబట్టి ఆ తర్వాత గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో మోగుతుంది. ఈ మార్పు ఎవరూ చెయ్యనక్కర్లేదు. పెట్టె తనలో ఉన్న గడియారాన్ని బట్టి తనే మారుస్తుంది. రాత్రిపూట జీపు తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, డ్రైవరు ఇల్లు ఎదురు సందులోనే. అందుకే అలా పెట్టాను.

వాచ్‌మన్ పేరు యెహెజ్కేలు. పెద్దాయన. గేటు ఫోనుని రోజూ తడిగుడ్డతో తుడిచి, పైన చేతిరుమాలు కప్పి ఉంచేవాడు. ఫోను మీద రుమాలు ఎందుకని నేను చాలాసార్లు నవ్వాను.

జూన్ మొదట్లో పిడుగు పడి పెట్టెలో కార్డు కాలిపోయింది. కొత్త కార్డు తెప్పించాను. నాగేశ్వరప్రసాద్ గారు ఫోన్ చేసి, "పోయినసారి టైం చూసుకోకుండా మొదలెట్టాం, పిడుగు పడింది. ఈసారి ముహూర్తం పెట్టించాను. బుధవారం పది ఇరవైకి ఆన్ అవ్వాలి" అన్నారు. బుధవారం అంటే జూన్ 13. నేను పొద్దున్నే బస్సెక్కాను. కడియం దగ్గర మొక్కల లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా పడిపోయి బస్సు కదల్లేదు. మిల్లుకి చేరి కార్డు బిగించేసరికి పన్నెండుంపావు దాటింది.

"ఏంటి బ్రహ్మం, ఇప్పుడా రావడం? రాహుకాలం వచ్చేసింది" అన్నారాయన.

"ఒంటిగంటన్నర దాటాక ఆన్ చేద్దామండి" అన్నాను.

"అంతసేపు ఫోన్లు లేకపోతే ఎలాగయ్యా, లారీలు వస్తుంటే. దాంట్లో గడియారం నువ్వే కదా పెట్టేది? పది ఇరవై పెట్టెయ్. దానికి అదే టైం" అన్నారు.

నవ్వారు. నేనూ నవ్వాను. కరెంటు ఇచ్చి, పెట్టె లేచి, గడియారం సున్నాలు చూపించగానే పది ఇరవై కొట్టాను. అప్పుడు నా వాచీలో పన్నెండు ఇరవై. ఆయన కొబ్బరికాయ కొట్టారు. భోజనం చేశాక సరైన టైం పెట్టేద్దామనుకున్నాను. భోజనంలో పనసపొట్టు కూర వేశారు. రెండోసారి అడిగి వేయించుకున్నాను. తిని బస్సెక్కేశాను.

ద్వారపూడిలో బస్సు ఆగినప్పుడు గడియారం సంగతి గుర్తొచ్చింది. ఇది నేను తప్పనిసరిగా చెప్పాలి. మర్చిపోయానంటే సగం అబద్ధమే అవుతుంది. నాకు గుర్తొచ్చింది. కిటికీలోంచి చూస్తే ఎస్టీడీ బూత్ కనబడుతోంది. దిగి ఒక ఫోన్ చేసి ఉంటే, ఏ బటన్లు నొక్కాలో చెప్పి ఉంటే సరిపోయేది. మళ్లీ వచ్చినప్పుడు చూసుకుందాంలే అని కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఏడింటికి గోడౌన్‌లో ధాన్యం బస్తాల వరుస కూలి లోవరాజు అనే జట్టుకూలీ వాటి కింద పడ్డాడు. పక్కనే ఉన్న అతని బావమరిది చిట్టియ్య తొమ్మిది నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. రింగు అవుతోంది, ఎవరూ ఎత్తలేదు. చివరికి గట్టు వెంబడి మిల్లుకి పరిగెత్తాడు. జీపు వెళ్లి లోవరాజుని ఆసుపత్రికి తెచ్చేసరికి ప్రాణం పోయింది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బతికేవాడని డాక్టరు గారు అన్నారట.

వాచ్‌మన్ నిద్రపోయాడని నాగేశ్వరప్రసాద్ గారు ఫిర్యాదు ఇచ్చారు. పోలీసులు యెహెజ్కేలుని తీసుకెళ్లారు.

మర్నాడు పొద్దున మిల్లు నుంచి నాకు కబురొచ్చింది, పోలీసులు ఫోన్లు పరీక్ష చేస్తారు, ముందు ఒకసారి చూడమని. వెళ్లి పెట్టె చూశాను. గడియారం రెండు గంటలు వెనక ఉంది. నాకు అంతా అర్థమైంది. ఏడింటికి ఆ పెట్టెకి ఇంకా అయిదే అయింది. ఫోను తాళం వేసిన ఆఫీసులో మోగింది. గదిలో నేనొక్కడినే ఉన్నాను. గడియారం సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు. భయపడ్డాను. ఆ ఊరి మిల్లుల మీదే నేను బతుకుతున్నాను.

సాయంత్రం ఆరు దాటాక ఎస్సై గారు యెహెజ్కేలుని గేటు దగ్గరికి తెచ్చారు. నన్ను గోడౌన్‌కి పంపి తొమ్మిది నొక్కమన్నారు. నొక్కాను. గేటు ఫోను మోగింది. అలవాటు కొద్దీ యెహెజ్కేలే ఎత్తి, "గేటండి, చెప్పండి" అన్నాడు. నేను మాట్లాడకుండా పెట్టేశాను.

నేను గేటుకి తిరిగొచ్చేసరికి ఆయన ఎస్సై గారితో అంటున్నాడు: "నిన్న నా ఫోను మోగలేదండి. ఆఫీసులో మోగడం విన్నానండి. తాళం ఉందండి. అక్కడ ఆగితే నాకే వస్తాదని నా ఫోను దగ్గరే కూర్చున్నానండి." అక్కడున్నవాళ్లు నవ్వారు. ఆయన నా వైపు చూశాడు. నేను వైర్లు చుట్టుకుంటున్నాను.

జామీను ఇచ్చేవాళ్లు లేక ఆయన రాజమండ్రి జైల్లో ఉన్నాడు. నేను ఆ రోడ్డున వెళ్లడం మానేశాను. మొన్న శనివారం ఆయన భార్య నా షాపుకి వచ్చింది. "ఫోన్లు బాగుచేసే బాబు మీరేనంట కదండి. మా ఆయన అబద్ధమాడడండి. ఆ పెట్టెలో ఏదన్నా తేడా ఉందేమో ఒక్కసారి చూడండి బాబూ" అంది. పెట్టెలో ఏ తేడా లేదమ్మా అన్నాను. ఆమె దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ దండంతో రెండు రాత్రులు ఉన్నాను.

నాగేశ్వరప్రసాద్ గారికి ముహూర్తం సంగతి తెలుసు గానీ, పెట్టె ఆ గడియారాన్ని బట్టే ఫోను మారుస్తుందని తెలియదు. నాకు తెలుసు. లోవరాజు ప్రాణం నావల్ల పోయింది. చిట్టియ్య విన్న రింగు నిజమే. యెహెజ్కేలు చెప్పిందీ నిజమే. ఆయన మేలుకునే ఉన్నాడు. ఆయన్ని వదిలెయ్యండి.

ఆ రోజు ఫోనులో "చెప్పండి" అని యెహెజ్కేలు అడిగితే నేను పెట్టేశాను. ఆయనకు చెప్పాల్సిన జవాబు ఇది.

నేను చెప్పినట్టే రాశారు. చదివి వినిపించారు, విన్నాను. ఇందులో కల్పించింది లేదు, ఇక దాచుకున్నదీ లేదు.

(సంతకం) కె. వీరబ్రహ్మం