ఆరు తర్వాత వాళ్ల వంతు

ఫిన్లాండులోని టాంపెరేలో యంత్రాల కంపెనీ, పై అంతస్తులో ఆవిరిగది; మూల పొయ్యి మీద కాలిన రాళ్లు, గరిటెతో నీళ్లు పోస్తే ఆవిరి. శుక్రవారం అయిదు నుంచి ఆరు దాకా ఆడవాళ్ల వంతు, తర్వాత మగవాళ్లది. ఇవాళ పై బల్ల మీద ఇద్దరాడవాళ్లే ఉన్నారు, ఒక కుర్ర ఇంజనీరు, రిటైర్మెంటు దగ్గరపడ్డ ఒక డిజైనరు.

“ఆ మొహం ఏమిటే? మొన్న బుధవారం ఇంటర్వ్యూ బాగా చేశానన్నావుగా?”

“పెళ్లయ్యాక పెళ్లిచూపులు అది. మేనేజరు పోస్టు మా సెక్షన్లో యార్మోకేనని పోయిన శుక్రవారమే తేల్చేశారట.”

“ఎక్కడ?”

“ఇక్కడే. మనం దిగాక, ఈ బల్ల మీదే. యార్మోనే సంతోషం పట్టలేక నోరు జారాడు.”

“మరి ప్రమోషను కోసం ఏటా నింపే నీ లక్ష్యాల కాగితం?”

“మూడేళ్లుగా నింపుతున్నా. మొదటి ఏడాది, మీటింగుల్లో నోరు విప్పమన్నాడు మా బాసు ఎస్కో. విప్పాను. రెండో ఏడు మిగతావాళ్లనీ మాట్లాడనివ్వమన్నాడు. ఈ ఏడు నాయకత్వ శిక్షణకి పంపాడు. అక్కడ బోర్డు మీద నిచ్చెన గీసి, ఏ మెట్టు మీదున్నావో చెప్పమన్నారు.”

“నాకూ గీశారు, ఇరవై ఏళ్ల కిందట.”

“నువ్వేం చేశావు?”

“ఏం చేస్తాను. ప్రతి శుక్రవారం ఆరవగానే తువ్వాలు చుట్టుకుని దిగిపోయాను.”

“ఆరయింది. అదిగో, తలుపు కొడుతున్నారు.”

“ఎవరు?”

“గొంతు ఎస్కోది. యార్మో కూడా ఉన్నాడు. పద, దిగుదాం.”

“కూర్చో. ఆ నీళ్ల గరిటె ఇలా ఇవ్వు, రాళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయి.”