రోకలిబండకో పేరు

(మ్యూజియంలో పురుగుల విభాగం. అధిపతి గది. బల్ల మీద మైక్రోస్కోపు, పక్కన స్పిరిట్ సీసా. బల్లకి ఇటు ఆయన; అటు, ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకుని ఇప్పుడు ఆయన కిందే పనిచేస్తున్న పరిశోధకురాలు.)

"మళ్ళీ అదే పాట! రోకలిబండ రోకలిబండే. కాళ్ళీడ్చుకుంటూ పాకే పురుక్కి కొత్త జాతేమిటి, పాత జాతేమిటి?"

"ఒక్కసారి చూడండి సార్. అద్దం కింద పెట్టే ఉంచాను."

"చూడక్కర్లేదు. ఈ చుట్టుపక్కల దొరికేవన్నీ ఒకటే జాతని నేను పుస్తకమే రాశాను. చదివావా?"

"చదివాను సార్."

"చదివీ ఈ సీసా పట్టుకొచ్చావా?"

"చదివాను కాబట్టే తెచ్చాను."

"ఏమిటీ?"

"ఏం లేదు సార్. దీన్ని మ్యూజియంలో భద్రపరిచామని మీరు సంతకం పెడితేనే పత్రికవాళ్ళు నా వ్యాసం వేసుకుంటారు. కొత్త పేరుకి ఆధారం ఈ ఒక్క పురుగే కదా. రేపెవరికి అనుమానమొచ్చినా దీన్నే తీసి చూడాలి."

"నాకే పాఠమా? ఆ పాఠం నీకు చెప్పింది నేను."

"మీరే సార్. కాదన్నానా?"

"రంగొకటే. పొడవొకటే. ముట్టుకుంటే చుట్టుకోవడం ఒకటే. ఇంకేం కావాలి నీకు?"

"ఒకే రంగు చొక్కాలు వేసుకున్నారని ఇద్దరికి వరసలు కలుపుతామా సార్?"

"అబ్బో, వెటకారం! గేటు దగ్గర గుమస్తా కూడా నీలాగే వస్తాడు, వాళ్ళింట్లో బల్లి ప్రపంచంలో ఇంకెక్కడా లేదని. వాడికి తెలివి లేదు. నీకు అతి తెలివి. రెంటికీ పెద్ద తేడా లేదు."

"సార్, మీ పుస్తకంలో ఉన్నవన్నీ ఆడ పురుగులే."

"అయితే?"

"మగదాని ఏడో ఖండం దగ్గర కాళ్ళు కాళ్ళలా ఉండవు. జతకట్టడానికి పనికొచ్చేలా కొంకిగా మారిపోతాయి. ఏ జాతి కొంకి ఆ జాతిదే. అది చూడకుండా..."

"ఆఁ, చూడకుండా?"

"జాతి తేల్చలేం."

"అంటే ఇన్నేళ్ళూ నేను కళ్ళు మూసుకు కూచున్నానంటావ్?"

"నేనలా అనలేదు సార్."

"అనడానికింకేం మిగిల్చావ్? రోట్లో తలపెట్టాక రోకటిపోటుకి భయమెందుకు, అనెయ్!"

"అనను సార్. చూడమంటున్నానంతే."

"ఇలా తే ఆ కాగితాలు. ముందు నీ రాత చూద్దాం. వాక్యానికి తలా తోకా ఉండదు, బయల్దేరింది పేర్లు పెట్టడానికి! పేరు పెట్టడమంటే కుక్కపిల్లకి పెట్టినట్టనుకున్నావా? దానికో పద్ధతుంది, ఒక... ఇదేమిటి?"

"ఏది సార్?"

"ఇదే. జాతి పేరు. ఇది... ఇది నా ఇంటిపేరు!"

"అవును సార్."

"మరి చెప్పవే?"

"చెప్పనిచ్చారా సార్?"

"కూర్చో, కూర్చో. నిలబడే ఉన్నావేం? ఆ కుర్చీలో ఫైళ్ళు కింద పడేసి కూర్చో."

"ఫర్వాలేదు సార్."

"కాస్త జరుగు, చూడనీ... ఊఁ... ఊఁ."

"కనిపిస్తోందా సార్?"

"కనిపించకపోవడానికి నాకేమన్నా శుక్లాలా? కొంకి. చివర రెండుగా చీలింది. గుడ్డివాడైనా చెప్తాడు ఇది వేరే జాతని!"

"ఇందాక ఒకటే అన్నారు."

"ఇందాక చూడలేదుగా! శాస్త్రమంటే అదే మరి. కళ్ళతో చూశాక ఒప్పుకు తీరాలి. నేర్చుకో."

"నేర్చుకుంటాను సార్. ఇక్కడ పెట్టండి సంతకం."

"పై అంతస్తులో పక్షులాయన ఉన్నాడే, ఎంత ఎగురుతాడు! ఆయన పేరు మీద ఒక్క ఈకయినా ఉందా? చేపలాయనకి ఒకటుండేది, అదీ పాత జాతేనని తేలి కొట్టేశారు. రోకలిబండయితేనేం? మనిషి పోయినా పేరు పోదు. ఏదీ, పెన్నివ్వు."

"ఇదిగోండి."

"తేదీ కూడా వేశాను. ముద్ర నువ్వే కొట్టుకో."

"కొట్టేశాను సార్. వస్తాను."

"ఆగాగు. ఉంది, తప్పుంది! ఇంతా చేసి చివర్లో బుద్ధి చూపించుకున్నావు."

"ఎక్కడ సార్?"

"నా ఇంటిపేరు చివర 'ఏ' తగిలించావు. లాటిన్ పద్ధతిలో మగవాడి పేరు పెడితే చివర 'ఐ' రావాలి. 'ఏ' ఆడవాళ్ళకి. ఓనమాలు ఇవి! నువ్వు చేరిన కొత్తలోనే చెప్పాను."

"చెప్పారు సార్. గుర్తుంది."

"గుర్తుండే రాశావా?"

"అందులో తప్పేం లేదు సార్."

"అంటే నేను ఆడమనిషినా?"

"మీరు కాదు సార్. మేడమ్."

"ఏ మేడమ్?"

"మీ ఇంట్లో మేడమ్."

"మా... మా ఆవిడా? దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"ఈ పురుగుని పట్టింది ఆవిడే. మీ ఇంటి వెనక కాలవ పక్కన, రాళ్ళ కింద. మగదని గుర్తుపట్టిందీ ఆవిడే, ఆ కొంకి విరక్కుండా విడదీసిందీ ఆవిడే."

"వంటింట్లో ఉండాల్సిన మనిషి కాలవల్లో ఏం చేస్తోందట?"

"పెళ్ళికి ముందు ఆవిడా ఈ గదిలోనే పనిచేసేవారటగా?"

"చేసేది. అయితే ఏంటి? మొగుడూ పెళ్ళాం ఒకే విభాగంలో ఎందుకని నేనే మాన్పించాను. ఆ తర్వాతా కొన్నాళ్ళు సీసాలు తెచ్చి నా మొహాన పెట్టేది. ఇది వేరు, అది వేరు అంటూ. నవ్వేవాణ్ణి."

"చూసేవారా సార్?"

"ఏమిటి?"

"నవ్వేముందు."

"హద్దు మీరకు! అసలు నువ్వు... తలుపెవరు తీసింది? ఏమే! నువ్వెందుకొచ్చావిక్కడికి?"

"సంతకం అయిందా తల్లీ?"

"అయింది మేడమ్. ముద్ర కూడా."

"హమ్మయ్య. వరండాలో నిలబడి నిలబడి నా కాళ్ళు పడిపోయాయి."

"ఏమే, నిన్నే! ఇంట్లో ఒక్క ముక్కయినా చెప్పావా నాతో?"

"చెప్పాను. మీరు పేపరు చదువుకుంటున్నారు."

"ఎప్పుడు?"

"ఎప్పుడైనా అంతేగా. ఈ సీసా మన భోజనాల బల్ల మీదే ఉండేది, ఉప్పు డబ్బా పక్కన. 'తియ్యి దాన్ని' అన్నారు. ఏమిటని మాత్రం అడగలేదు."

"ఎంత గూడుపుఠాణీ! నా సంతకం వెనక్కి తీసుకుంటాను."

"తీసుకోండి. కళ్ళతో చూసి వేరే జాతేనని ఒప్పుకున్నాను, తీరా పేరు నాది కాదని తెలిశాక కాదంటున్నాను అని రాసివ్వండి. ఆ కాగితం పక్షులాయనకి నేనే ఇచ్చొస్తాను."

"అరవకు. పక్క గదిలో జనం ఉన్నారు."

"అరుస్తున్నది నేనా?"

"సరే. సరేలే. ఐపోయిందేదో ఐపోయింది. ఎంతైనా అచ్చులో ఉండబోయేది నా ఇంటిపేరేగా! చివర 'ఏ' ఉందో 'ఐ' ఉందో ఎవడు చూడొచ్చాడు? చదివినవాళ్ళంతా నన్నే అనుకుంటారు."

"మేడమ్, వింటున్నారా?"

"వింటున్నా. అచ్చయ్యేదాకా పేరు మార్చుకోవచ్చన్నావుగా నువ్వు?"

"నిక్షేపంలా. సార్ సంతకం పెట్టింది పురుక్కి, పేరుక్కాదు."

"అయితే ఆ ఇంటిపేరు కొట్టెయ్. ఎరగా వేశాం, ఆ పని అయింది. ఆ బరువు నేను మోసింది చాలు, పాపం పురుక్కెందుకు?"

"కొట్టేసి ఏం పెడతావ్?"

"నా పేరు."

"నీ పేరా?"

"నాకూ ఒకటుంది. కాగితం తియ్యి తల్లీ, అక్షరం అక్షరం నేను చెప్తాను రాసుకో. ఈయన్నడిగితే 'ఏమే' అని రాయిస్తారు."